ఒకే మోటారు, మూడు రంపాలు: పేటెంటు పరిశీలన డైరీ

ఈ డైరీలో రంపం తయారీ గురించి కొంత, దానిపై వేసిన పేటెంటు దరఖాస్తు పరిశీలనలో ఎక్కడెక్కడ దెబ్బతిన్నదన్న దాని గురించి ఎక్కువ ఉంటుంది. ఆలోచన ఎలా పుట్టిందో, మొదటి నమూనా తిరిగినప్పుడు ఎంత సంబరపడ్డానో రాయడం లేదు. అవి చదివి ఎవరూ తమ దరఖాస్తును బాగు చేసుకోలేరు. తేదీలకు బదులు నెలలు వేశాను. మొదటి దరఖాస్తు దాఖలైన రోజు సున్నా నెల. పేటెంటు సహకార ఒప్పందం, అంటే పీసీటీ, పెట్టే ముఖ్యమైన గడువులు ఆ రోజు నుంచే నడుస్తాయి కనుక ఈ లెక్కే చదివేవారికి కూడా పనికొస్తుంది.

యంత్రం సంగతి క్లుప్తంగా: 184 మి.మీ. బ్లేడు, గార్డు, హ్యాండిల్ ఉన్న మోటారు భాగం ఒకటి. అది కూర్చునే పీటలు మూడు. మొదటి పీట మీద అది చేతి రంపం. రెండో పీట బల్ల అడుగున ఉంటుంది. మోటారు భాగాన్ని తలకిందులుగా బిగిస్తే టేబుల్ రంపం. మూడోది మడత చేయి. దానికి తగిలిస్తే అడ్డంగా, ఏటవాలుగా కోసే మైటర్ రంపం.

దశ 1: కుదురుగా కూర్చోని మోటారు. నెల 0 నుంచి 7

సున్నా నెలలో దరఖాస్తు వేసేనాటికి మోటారు భాగాన్ని పీటకు రెండు 8 మి.మీ. పిన్నులతో, నాలుగు ఎం6 బోల్టులతో బిగిస్తున్నాను. చేతి రంపంగా ఏ ఇబ్బందీ కనబడలేదు. టేబుల్ రంపంగా మార్చాక మాత్రం చెక్క అంచు ఒకవైపు కాలుతూ వచ్చింది. బ్లేడు, చెక్కను ఆనించి తోసే ఫెన్స్‌కు సమాంతరంగా లేదని అప్పుడు అర్థమైంది. కొలిచిన పద్ధతి ఇది:

1. ప్లగ్గు ఊడదీసి, బ్లేడును పూర్తి ఎత్తుకు లేపి, ఒక పన్నుకు మార్కర్‌తో గుర్తు పెట్టాను.
2. బల్ల గాడిలో నడిచే కడ్డీకి డయల్ గేజి బిగించి, ఆ పన్ను ముందువైపు ఉండగా సున్నా చేశాను.
3. అదే పన్నును వెనకవైపుకు తిప్పి, గేజిని అక్కడికి జరిపి రీడింగు తీశాను. వేరే పన్ను మీద కొలిస్తే బ్లేడు వంకర కూడా లెక్కలో కలిసిపోతుంది.
4. మోటారు భాగాన్ని విప్పి చేతి రంపం పీటకు బిగించి, మళ్లీ విప్పి బల్లకు బిగించాను. ఇది ఒక మార్పిడి.
5. పది మార్పిడులు చేసి, అన్నిటికంటే ఎక్కువ, అన్నిటికంటే తక్కువ రీడింగుల తేడా రాసుకున్నాను.

సగటు ఎందుకు రాయలేదంటే, సగటు తప్పును ఒక రేకు ముక్క పెట్టి ఒక్కసారి సరిచేయవచ్చు. మార్పిడి మార్పిడికీ మారే తేడాను సరిచేయడానికి ఏ రేకూ లేదు. రెండు పిన్నులతో రీడింగులు 0.18 నుంచి 0.46 మి.మీ. వరకు వచ్చాయి, తేడా 0.28. నాకు 0.1 లోపు కావాలి.

పిన్నులు తీసేసి, ప్రతి పీటకూ మూడు 10 మి.మీ. ఉక్కు బంతులు, మోటారు భాగం అంచుపలకలో మూడు వి ఆకారపు గాడులు పెట్టాను. ఒక్కో బంతి తన గాడి గోడలను రెండు బిందువుల వద్ద తాకుతుంది. మొత్తం ఆరు బిందువులు ఆరు దిశల కదలికనూ కట్టేస్తాయి. ఇది నా తెలివి కాదు, 19వ శతాబ్దంలో కెల్విన్, మాక్స్‌వెల్ కాలం నుంచి పరికరాల తయారీలో ఉన్నదే. తేడా 0.04కు పడింది. రెండు గంటలు ఎం.డి.ఎఫ్. (చెక్క పీచును జిగురుతో నొక్కి చేసే పలక) కోసి మళ్లీ పది మార్పిడులు చేస్తే 0.21కి ఎగబాకింది. విప్పి చూస్తే గాడి అడుగున రంపపు పొట్టు గట్టిగా నొక్కుకుపోయి, వేలి గోరుతో గీకితే బిళ్లలా ఊడి వచ్చింది. టేబుల్ రంపంగా తిప్పినప్పుడు గాడుల నోళ్లు పైకి ఉంటాయి కాబట్టి పొట్టు అక్కడే పడుతుంది, తర్వాత బంతి దాన్ని దంచుతుంది.

నెల 7లో గాడి అడుగును 3 మి.మీ. వెడల్పున పలక అవతలి దాకా చీల్చేశాను. 90 డిగ్రీల గాడిలో 10 మి.మీ. బంతి తాకే రెండు బిందువుల మధ్య దూరం 7.07 మి.మీ. కాబట్టి, చీలిక పోగా ఇరువైపులా అడ్డంగా లెక్కిస్తే 2 మి.మీ.కు పైగా గోడ మిగులుతుంది. పొట్టు కిందికి జారిపోయింది. రెండు గంటల కోత తర్వాత తేడా 0.06. దీన్ని మరమ్మతు అనుకున్నానే తప్ప ఆవిష్కరణ అనుకోలేదు. ఈ డైరీలోని మిగతా తిప్పలు చాలా వరకు ఆ ఒక్క పొరపాటు నుంచే వచ్చాయి.

ఇప్పటివరకు: కొలిచిన మార్పిడులు 40, పని గంటలు 58.

దశ 2: నా సొంత శోధన. నెల 8 నుంచి 11

పేటెంటు వర్గీకరణలో రంపాలు ఒకేచోట ఉండవు. చేతితో నడిపే కరెంటు సర్క్యులర్ రంపాలు బి27బి 9లో, లోహం కోసే సర్క్యులర్ రంపాలు బి23డి 45లో, గార్డులు బి27జి 19లో, బహుళ ప్రయోజన చెక్కపని యంత్రాలు బి27సి 9లో, ఒకే మోటారుకు వేర్వేరు పనిముట్లు తగిలించేవి బి25ఎఫ్ 3లో ఉంటాయి. ఈ అయిదింటిలో 47 పత్రాలు తెరిచి, 9 పూర్తిగా చదివాను.

ఒకే రంపంతో పలు రకాల కోతలు కోయడం ఎంత పాతదో అక్కడే తెలిసింది. రేమండ్ డివాల్ట్‌కు రేడియల్ ఆర్మ్ రంపంపై అమెరికా పేటెంటు 1925లోనే వచ్చింది. అయినా నా మొదటి క్లెయిమును, అంటే దేని మీద హక్కు కోరుతున్నానో చెప్పే వాక్యాన్ని, కుదించలేదు. మూడు పీటలు ఉన్నది నాకొక్కడికే కదా అనుకున్నాను. లెక్క పెంచినంత మాత్రాన కొత్తదనం రాదని తర్వాత పరిశీలకులు ఒక్క వాక్యంలో తేల్చేశారు.

ఇంకో తప్పు మరింత పెద్దది. నేను వెతికినవన్నీ రంపాల చుట్టూ ఉన్న వర్గాలే. బంతులు, గాడులు ఎక్కడ వాడతారని అడిగి ఉంటే కొలత పరికరాల వర్గమైన జి01బిలోకి వెళ్లేవాడిని. యంత్రం పేరుతో కాక, అందులోని ప్రతి అమరిక చేసే పని పేరుతో వెతకాలి.

ఇప్పటివరకు: గంటలు 80, తెరిచిన పత్రాలు 47.

దశ 3: అంతర్జాతీయ దరఖాస్తు. నెల 12

1883 నాటి పారిస్ ఒప్పందం ఇచ్చే పన్నెండు నెలల ప్రాధాన్యపు గడువు (ఈలోపు వేస్తే మొదటి దరఖాస్తు తేదీయే వర్తిస్తుంది) ముగిసేలోపు పీసీటీ దరఖాస్తు వేశాను. వివరణ 14 షీట్లు, క్లెయిములు 3, సారాంశం 1, బొమ్మలు 6. అభ్యర్థన పత్రం 4 షీట్లతో కలిపి 28. ముప్పై దాటితే షీటుకు ఇంతని అదనపు రుసుము పడుతుంది.

నా దరఖాస్తుకు రెండు వయసులున్నాయి. బంతులు, గాడులు, చీలిక సున్నా నెల పత్రంలో లేవు. కాబట్టి వాటికి సంబంధించిన క్లెయిములకు ప్రాధాన్యపు తేదీ వర్తించదు. పన్నెండో నెలకు ముందు ప్రపంచంలో ఎక్కడ వెల్లడైనదైనా వాటికి అడ్డు వస్తుంది, చాలా దేశాల్లో నేను వెల్లడించినదైనా సరే. తొమ్మిదో నెలలో కొందరు వడ్రంగుల ముందు ఈ రంపాన్ని నడిపాను. ఆ రోజు టేబుల్ రంపంగా మాత్రమే తిప్పాను. విప్పి చూపించమని ఒకరు అడిగితే బ్లేడు వేడిగా ఉందని వాయిదా వేశాను. గాడులు ఎవరి కంటా పడలేదు. ముందుచూపుతో చేసింది కాదు, బద్ధకం కాపాడింది. చేయాల్సింది ఏమిటంటే, ఏడో నెలలో చీలిక పెట్టిన వారమే రెండో ప్రాధాన్య దరఖాస్తు వేసి, పన్నెండో నెలలో రెండింటినీ కలిపి చూపడం. ఒప్పందం దానికి ఒప్పుకుంటుంది.

చీలిక గురించి వివరణలో రాసింది ఒక్కటే వాక్యం: గాడి అడుగు తెరిచి ఉండవచ్చు, అప్పుడు పొట్టు దాని గుండా కిందికి జారుతుంది. వెడల్పు రాయలేదు, కొలతలు రాయలేదు. ఆరో బొమ్మలో మాత్రం గీశాను.

ఇప్పటివరకు: గంటలు 99, క్లెయిములు 14, షీట్లు 28.

దశ 4: అంకెల ఎత్తు. నెల 13

బొమ్మల్లోని అంకెలు 0.32 సెం.మీ. కంటే పొట్టిగా ఉండకూడదు, నావి 0.25 ఉన్నాయి. బొమ్మల షీటుకు పైన, ఎడమవైపు 2.5, కుడివైపు 1.5, కింద 1 సెం.మీ. ఖాళీ ఉండాలి, రెండు షీట్లలో కుడి అంచు తప్పింది. సరిదిద్దమని నోటీసు వచ్చింది, ఆరు షీట్లూ మళ్లీ గీసి పంపాను. తిరిగి గీసేటప్పుడు చీలిక వెడల్పును బాణం గుర్తుతో చేర్చాలని చెయ్యి లాగింది. అలా చేర్చడం దాఖలైన దరఖాస్తును దాటిపోవడమే అవుతుంది కనుక ఆగాను.

ఇప్పటివరకు: గంటలు 105.

దశ 5: ఇది ఒకటి కాదు, రెండు. నెల 15

పాత పత్రాల కోసం పేటెంటు కార్యాలయం చేసే శోధన మొదలయ్యాక వచ్చిన మొదటి ఉత్తరమే అభ్యంతరం. 1 నుంచి 9 వరకు క్లెయిములు మోటారు భాగం పీట మీద కూర్చునే తీరు గురించి, 10 నుంచి 14 వరకు గార్డు, రివింగ్ నైఫ్ (కోసిన సందు మూసుకోకుండా బ్లేడు వెనక నిలిచే పలక) గురించి ఉన్నాయని, రెంటినీ కలిపే ఉమ్మడి అంశం ‘పీటలు మార్చగల మోటారు’ ఒక్కటేనని, అది పాతదే కాబట్టి ఇవి రెండు ఆవిష్కరణలని రాశారు. నెలలోగా అదనపు శోధన రుసుము కట్టాలి, లేదంటే మొదటి గుంపునే శోధిస్తారు.

గార్డు సంగతి నాకు ముఖ్యమైనదే. చేతి రంపంలో కింది గార్డు స్ప్రింగుతో దానంతటదే మూసుకోవాలి. బల్ల కింద బిగిస్తే అది తెరిచి ఉండి, దాని స్థానంలో రివింగ్ నైఫ్, పై కప్పు రావాలి. నైఫ్ మందం బ్లేడు పలక మందం కంటే ఎక్కువ, కోత వెడల్పు కంటే తక్కువ ఉండాలి. నా బ్లేడు పలక 1.6, కోత 2.4, నైఫ్ 2.0 మి.మీ. నైఫ్ దిగితే తప్ప లివర్ బిగుసుకోని అమరిక చేశాను. అయినా ఆ రుసుము కట్టలేదు. శోధించని క్లెయిములను అంతర్జాతీయ దశలో ముందుకు నడపలేము గానీ, తర్వాత ఆయా దేశాల్లో విభజిత దరఖాస్తుగా, అంటే విడదీసిన వేరే దరఖాస్తుగా, వేసుకునే దారి ఉంటుంది. ఈ నిర్ణయం సరైనదేనని ఇప్పటికీ పూర్తి నమ్మకం లేదు.

ఇప్పటివరకు: గంటలు 109, బరిలో ఉన్న క్లెయిములు 9.

దశ 6: శోధన నివేదిక, రాతపూర్వక అభిప్రాయం. నెల 16

నివేదికలో ప్రతి పూర్వ పత్రం పక్కన ఒక అక్షరం ఉంటుంది. ఎక్స్ అంటే ఆ ఒక్క పత్రమే క్లెయిమును పడగొట్టగలదని. వై అంటే మరో పత్రంతో కలిపితే పడగొడుతుందని. ఏ అంటే నేపథ్యం మాత్రమేనని. నాకు వచ్చినవి నాలుగు పత్రాలు:

1. డి1, 1 నుంచి 4, 8, 9 క్లెయిములకు ఎక్స్. చేతి రంపాన్ని రెండు పట్టాల మీద జార్చి బల్ల కింద మరలతో బిగించే పాత దరఖాస్తు.
2. డి2, డి1తో కలిపి 5వ క్లెయిముకు వై. మూడు బంతులు, మూడు గాడులు ఉన్న కొలత పరికరపు ఆసనం.
3. డి3, డి1తో కలిపి 7వ క్లెయిముకు వై. కరెంటు పోయి వచ్చినప్పుడు యంత్రం దానంతటది తిరగకుండా ఆపే స్విచ్చు.
4. డి4, నేపథ్యం.

6వ క్లెయిము, అంటే చీలిక, మీద ఏ పత్రమూ చూపలేదు. కానీ అభిప్రాయంలో అది పనిమంతుడు ఎవరైనా చేసుకునే మామూలు మార్పేనని రాశారు.

నా మొదటి క్లెయిము పడిపోయిన తీరు చూడండి. నేను రాసింది: మోటారు భాగం, కనీసం రెండు పీటలు, వాటిని ‘సులభంగా విడదీయగల’ రీతిలో కలిపే అమరిక. పరిశీలకులు ఒక్కో మాట పక్కన డి1లోని భాగం సంఖ్య వేసుకుంటూ పోయారు: మోటారు భాగం అంటే 12, పీటలు అంటే 20, 30, అమరిక అంటే పట్టాలు 34. ఎక్కడా వాదన లేదు, కేవలం సంఖ్యలు. చివర ‘సులభంగా’ అన్న మాటను పట్టుకుని, ఎవరికి సులభం, దేనితో పోలిస్తే సులభం అని అడిగి, క్లెయిము స్పష్టంగా లేదని చేర్చారు. అది చదివాక క్లెయిముల్లోని విశేషణాలన్నీ ఎర్ర పెన్నుతో కొట్టేశాను, మొత్తం పదకొండు.

ఇప్పటివరకు: గంటలు 120, ఎదురైన పత్రాలు 4, కొట్టేసిన విశేషణాలు 11.

దశ 7: సవరణ, జవాబు. నెల 17 నుంచి 22

రెండు దారులున్నాయి. పీసీటీ 19వ అధికరణం కింద క్లెయిములను ఒక్కసారి మాత్రం సవరించవచ్చు. నివేదిక పంపిన రెండు నెలలు, లేదా పదహారో నెల, వీటిలో ఏది ఆలస్యమైతే అది గడువు. 34వ అధికరణం కింద ప్రాథమిక పరిశీలన కోరితే వివరణ, బొమ్మలు కూడా సవరించవచ్చు, పరిశీలకులతో వాదించవచ్చు; నివేదిక పంపిన మూడు నెలలు, లేదా ఇరవై రెండో నెల, ఏది ఆలస్యమైతే అది గడువు. నాకు వాదన కావాలి కనుక రెండోది ఎంచుకున్నాను.

1, 5, 6 క్లెయిములను కలిపి కొత్త మొదటి క్లెయిము చేశాను: పీటకు మూడు బంతులు, మోటారు భాగానికి మూడు గాడులు, ప్రతి గాడి అడుగున పలక అవతలి దాకా చీలిక. స్విచ్చు క్లెయిము తీసేశాను. తర్వాత చీలిక వెడల్పు 3 మి.మీ. అని, గాడులు 120 డిగ్రీల ఎడంతో ఉంటాయని చేర్చబోయాను. రెండూ కుదరలేదు. దాఖలైన పాఠంలో ఆ అంకెలు లేవు. బొమ్మ మీద స్కేలు పెట్టి కొలిచి ఇదిగో అంటే చెల్లదు. కుదిరింది ఒకటే: చీలిక వెడల్పు బంతి తాకే బిందువుల ఎడం కంటే తక్కువ అన్నది. బంతి గోడలను తాకుతుందని పాఠంలోనే ఉంది కాబట్టి అది తప్పనిసరిగా వచ్చే పర్యవసానం. ఒక్క డ్రాయింగు కొలతను వివరణలో అక్షరాల్లో రాసి ఉంటే చాలా బలమైన క్లెయిము దక్కేది.

జవాబు తయారు చేసిన వరస:

1. సవరించిన షీట్లతో పాటు, ప్రతి మార్పుకూ మూల దరఖాస్తులో ఆధారం ఏ పేజీ, ఏ పంక్తో చూపే ఉత్తరం రాశాను. అది లేకపోతే సవరణే జరగనట్లు నివేదిక రాసేయవచ్చు.
2. డి1కూ, కొత్త క్లెయిముకూ మధ్య తేడా ఒక్క వాక్యంలో చెప్పాను.
3. ఆ తేడా వల్ల ఒరిగిన ఫలితాన్ని కొలతతో చూపాను.
4. డి1, డి2 చేతిలో ఉన్నవాడు ఇటు ఎందుకు రాడో చెప్పాను.

మూడో అడుగు కోసం మళ్లీ షెడ్డులోకి వెళ్లాను. అదే మోటారు భాగం, అదే బ్లేడు. చీలికలను ఎపాక్సీతో పూడ్చి, గాడి గోడలకు సమంగా గీకి, రెండు గంటలు ఎం.డి.ఎఫ్. కోశాక పది మార్పిడులు: తేడా 0.19. ఎపాక్సీ తీసేసి, మళ్లీ రెండు గంటల కోత, పది మార్పిడులు: 0.06. వేరే రెండు రంపాలను పోల్చి ఉంటే తేడా చీలిక వల్లనో, రంపం వల్లనో అన్న ప్రశ్న వచ్చేది. ఈ అంకెలు దరఖాస్తులోకి ఎక్కవు, కానీ వాదనకు సాక్ష్యంగా పంపవచ్చు. పొట్టు జారిపోతుందన్న ఫలితం మూల పాఠంలో ఉండడం ఇక్కడ అక్కరకొచ్చింది.

నాలుగో అడుగుకు కావలసింది డి2లోనే దొరికింది. అందులో ఆసనం చుట్టూ రబ్బరు వలయం ఉంది, దుమ్ము లోపలికి రాకూడదని ప్రత్యేకంగా రాశారు. దాన్ని అనుసరించేవాడు ఆసనాన్ని మూస్తాడు గానీ అడుగు చీల్చడు. రంపంలో మూయడం పనిచేయదు, ఎందుకంటే ప్రతి మార్పిడిలో ఆసనం పొట్టు మధ్యే తెరుచుకుంటుంది. దుమ్మును రానివ్వకపోవడం వేరు, వచ్చిన దుమ్మును వెళ్లనివ్వడం వేరు అన్నది నా జవాబులో ఆయువుపట్టు. చీల్చగలడా అన్నది కాదు, డి1, డి2 చదివినవాడికి చీల్చాలని తోస్తుందా అన్నది అడగమని కోరాను.

ఇప్పటివరకు: గంటలు 151, మార్పిడులు 60, క్లెయిములు 6.

దశ 8: రెండో అభిప్రాయం, తుది నివేదిక. నెల 25 నుంచి 28

మొదటి క్లెయిము నిలిచింది. సవరణ తర్వాతి వరసలో ఆరోది పడింది. అది పీటను మాత్రమే విడిగా కోరే క్లెయిము. ఎవరైనా పీట ఒక్కటే చేసి అమ్మితే ఆపడానికి పెట్టుకున్నాను. కానీ చీలికలు ఉన్నది మోటారు భాగంలో. పీట వరకే చూస్తే మూడు బంతులు ఉన్న పలక అంతే, అది డి2లో ఉన్నదే. బంతులను మోటారు భాగానికి, గాడులను పీటకు పెట్టుకోవచ్చు కదా అని ఆలోచించాను. అప్పుడు టేబుల్ రంపంలో గాడుల నోళ్లు కిందికి తిరుగుతాయి, పొట్టు నిలవదు, చీలికతోనే పని ఉండదు. మన సమస్య ఏ భాగంలో ఉందో పరిష్కారం కూడా ఆ భాగంలోనే ఉంటుంది, రక్షణ కూడా దానికే దొరుకుతుంది. ఆరో క్లెయిము తీసేశాను.

ఇరవై ఎనిమిదో నెలలో వచ్చిన ప్రాథమిక నివేదికలో 1 నుంచి 5 వరకు క్లెయిములకు నవీనత, ఇన్వెంటివ్ స్టెప్ (పనిమంతుడికి మామూలుగా తట్టని ముందడుగు), పారిశ్రామిక వినియోగం మూడింటి ఎదుటా ‘అవును’ అని ఉంది. ఇది పేటెంటు కాదు. ఏ దేశపు కార్యాలయమూ దీనికి కట్టుబడనక్కర లేదు. ముప్పయ్యో నెలలోగా ఎంచుకున్న దేశాల్లో ప్రవేశించి, అక్కడి పరిశీలకుల ముందు మళ్లీ నిలబడాలి. గార్డు, నైఫ్ క్లెయిములు అయిదూ అక్కడ విభజిత దరఖాస్తుగా వెళ్తాయి.

ఈ లోపు మోటారు భాగాన్ని విప్పి బంతులను భూతద్దంతో చూశాను. తాకే చోట 0.6 మి.మీ. వెడల్పున మెరిసే మచ్చ పడింది, గాడి గోడల మీద దానికి ఎదురుగా సన్నటి గీత ఉంది. మరో పది మార్పిడులు చేసి కొలిస్తే తేడా 0.07 వచ్చింది.

మొత్తం: గంటలు 163, మార్పిడులు 70, క్లెయిములు 14 నుంచి 5.